సమాధానము, స్వస్థత, సమాధి

ధ్యానమునకు వాక్యభాగములు: ఆదికాండము 37:1–14, లూకా 17:11–19, యోహాను 20:19–23



చిరాగ్‌పల్లి అను పేరును మనము దినమునకు ఎన్నిమారులు పలుకుదుమో లెక్కలేదు. బస్సులో టిక్కెట్టు అడుగునప్పుడు పలుకుదుము, రేషను కార్డులో వ్రాయించునప్పుడు పలుకుదుము, దూరమున నున్న చుట్టమునకు ఫోను చేయునప్పుడు పలుకుదుము. అయితే 'చిరాగ్' అనగా దీపమని ఆ సమయమందు తలంచువారు కొద్దిమందియే. అది పారసీక భాషనుండి ఉర్దూలోనికి, ఉర్దూనుండి మన నోటికి వచ్చిన మాట. 'పల్లి' మన పల్లెయే. కర్ణాటక సరిహద్దునను, హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారి ప్రక్కనను నివసించు మనకు తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలిసి వినబడుట వింతకాదు. మాటలు ఒకరి నోటినుండి ఇంకొకరి నోటికి మారుచుండగా అర్థము కొంత అరిగిపోవును. అక్షరములు మాత్రము నిలిచియుండును. ఆ అక్షరములను ఓపికతో చూచినయెడల లోపల పాత అర్థము ఇంకను కనబడును.

దేవుని వాక్యములోని మాటలకును ఇట్లే జరిగినది. ఆదివారపు బడిలోని పిల్లలను, "సమాధానము అనగా ఏమి?" అని అడుగుడి. "జవాబు" అని వెంటనే చెప్పుదురు. అది వారి తప్పు కాదు. పాఠశాలలో ప్రశ్న క్రింద సమాధానము వ్రాయుమనియే వారికి నేర్పిరి. అట్టి పిల్లవాడు యోహాను సువార్త 20వ అధ్యాయము చదివినప్పుడు, తలుపులు మూసికొని భయపడుచున్న శిష్యులకు యేసు ప్రభువు సమాధానము పలికెనని చూచి, "శిష్యులు ఏ ప్రశ్నయు అడుగలేదు గదా, ఆయన దేనికి జవాబిచ్చెను?" అని తలంచును. పెద్దలమైన మనము అట్లు అడుగకపోవుట మనకు తెలిసియున్నందున కాదు, అలవాటు పడియున్నందుననే. గనుక ఈ నెల మనము మూడు మాటలను తీసికొని, వాటి అక్షరములలో దాగిన పాత అర్థమును వెదకుదము. అవి సమాధానము, స్వస్థత, సమాధి.

మన తెలుగు బైబిలు ఒక్క దినమున వచ్చినది కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను మిషనరీలు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగింప మొదలుపెట్టిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపురమున అచ్చుపడినవి. 1818లో క్రొత్త నిబంధనయు, 1854లో పూర్తి బైబిలును ప్రజల చేతికి వచ్చినవి. ఒక్కొక్క హెబ్రీ మాటకు, ఒక్కొక్క గ్రీకు మాటకు తగిన తెలుగు మాటకొరకు ఎందరో ప్రయాసపడిరి. వారు ఎన్నుకొనిన మాటలను మనము తేలికగా దాటిపోకూడదు.

మొదటిది: సమాధానము

ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది. 'సమ్' అనగా కలిపి, చక్కగా. 'ధా' అనగా ఉంచుట. చెదరిపోయినవాటిని కూర్చి ఒక్కచోట ఉంచుటయే సమాధానము. సందేహముతో చెదరిన మనస్సును కూర్చునది గనుక జవాబునకును ఆ పేరు వచ్చినది. పాత అర్థము పూర్తిగా చచ్చిపోలేదు. ఏడ్చువానిని సమాధానపరచితిమనియు, తగవుపడినవారు సమాధానపడిరనియు ఇప్పటికిని చెప్పుకొనుచున్నాము.

హెబ్రీ భాషలో ఇందుకు షాలోమ్ అను మాట యున్నది. ఆ మాటలో ష, ల, మ అను మూడు అక్షరములు ముఖ్యమైనవి. హెబ్రీకి అరబ్బీ భాష అక్కచెల్లెలు వంటిది గనుక, మన ముస్లిము పొరుగువారు పలుకు సలాములోను, క్షేమమని చెప్పుటకు వాడు సలామత్ అను మాటలోను అవే మూడు అక్షరములు వినబడును. ప్రభువు దినములలో ఆ దేశపు జనులు మాటలాడిన అరామిక్ భాషలో అది ష్లామా. మన వీధిలో ప్రొద్దున ఒకరికొకరు పెట్టుకొను సలాము, పునరుత్థాన దినమున ప్రభువు పలికిన మాటకు రక్తసంబంధి యని యెరిగి సంతోషింపవలెను.

ఈ మూడు అక్షరముల పాత అర్థము ఏమి? ఏ ముక్కయు తక్కువ కాకుండ నిండుగా ఉండుట. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో బలిపీఠమును ఇనుప పనిముట్టు తగలని రాళ్లతో కట్టుమని ఆజ్ఞ యున్నది. చెక్కబడని ఆ నిండు రాళ్లకు ఈ అక్షరములే వాడిరి. సామెతలు 11:1లో దేవునికి ఇష్టమైన తూకపు రాయిని గూర్చి చెప్పునప్పుడును ఈ అక్షరములే. తక్కువ తూగు రాయితో అమ్ముచు "నాకు సమాధానము కలదు" అని చెప్పువానిని ఆ మాటయే ఖండించును.

ఇంకొకటి వినుడి. నిర్గమకాండము 22వ అధ్యాయములో ఒకని పశువు ఇంకొకని చేను మేసినయెడల, తన చేలోని మంచి పంటనుండి ఆ నష్టము తీర్చవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. 'తీర్చవలెను' అను చోట నున్న హెబ్రీ మాటకు మూలము షాలోముకు మూలమైన ఆ మూడు అక్షరములే. లేని ముక్కను తిరిగి పెట్టినప్పుడే అది నిండగును. మన యొద్ద కొందరు, "పోయినదేదో పోయెను, ప్రార్థన చేసికొని సమాధానపడుదము" అందురు. మేసిన చేను మేసినట్లే యుండగా, తీసికొనిన బాకీ తీసికొనినట్లే యుండగా, ప్రార్థన మాత్రము చేసిన అది సమాధానము కాదు. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల ఇత్తునని చెప్పిన దినముననే ఆ యింటికి రక్షణ వచ్చినదని ప్రభువు ప్రకటించెను గదా.

ఇప్పుడు ఆదికాండము 37వ అధ్యాయము తెరువుడి. యోసేపు అన్నలు అతని మీద పగపట్టి, అతనితో ఒక్క మంచి మాటయైనను పలుకలేకపోయిరని 4వ వచనములో ఉన్నది. హెబ్రీలో అక్కడ నున్నది షాలోమ్. వారు అతనికి షాలోమ్ చెప్పలేకపోయిరి. మన మాటలో చెప్పవలెనన్న, తమ్మునికి ఒక్క సలాము పెట్టుటకైనను వారికి నోరు రాలేదు. పది వచనములు దాటగానే తండ్రియైన యాకోబు ఏమి చేసెను? అన్నల క్షేమమును, మంద క్షేమమును చూచి రమ్మని యోసేపునే పంపెను. అక్కడ నున్న మాటయు షాలోమే. షాలోమ్ చెప్పనివారి షాలోమ్ విచారించుటకు ఆ చిన్నవాడు ఒంటరిగా బయలుదేరెను. ఇంటిలో ఏమి చెదరిపోయినదో ఆ ముసలి తండ్రికి తెలియదు. ఈ బాధ మనకు వెంటనే కనబడదు. మూలములో ఒకే మాట రెండుమారులు మ్రోగుచున్నది.

ప్రియులారా, ఇది కనాను దేశపు కథ మాత్రమే కాదు. మన సంఘములలో ఒకే తల్లి పాలు త్రాగిన అన్నదమ్ములు ఒక గెట్టు కొరకు మాటలు మానుకొనియున్నారు. ఈ ప్రక్క చెరకు, ఆ ప్రక్క అల్లము. నడుమ రెండు మూరల గెట్టు. ట్రాక్టరు ఒక చాలు ఇటు జరిగెనని మొదలైన తగవు ఇప్పుడు మనుమల వరకు వచ్చినది. ఒకే వాకిటిలో రెండు పొయ్యిలు. ముసలి తల్లి ఈ పూట ఈ యింట, ఆ పూట ఆ యింట తిని, ఒక కుమారుని పేరు ఇంకొక కుమారునియెదుట ఎత్తుటకు భయపడుచు బ్రతుకుచున్నది. ఆదివారము ఇద్దరును గుడికి వత్తురు. ఒకడు కుడి ప్రక్క, ఒకడు ఎడమ ప్రక్క కూర్చుందురు. ఇద్దరును ప్రభువు బల్ల యొద్దకు వచ్చి ఒకే రొట్టెను తీసికొందురు. ఆ తల్లి వెనుకనుండి చూచుచు ఏమి ప్రార్థించునో దేవునికే యెరుక.

రెండవది: స్వస్థత

'స్వ' అనగా తన, తాను. 'స్థ' అనగా నిలిచియుండుట. స్థానము, స్థితి, స్థిరము, గృహస్థుడు, వీటన్నిటిలోను ఆ 'స్థ' యున్నది. అవస్థ అను మాటలోను అదే. అవస్థ అనగా మొదట ఒక స్థితి మాత్రమే. బాల్యావస్థ అనునప్పుడు ఆ అర్థమే చెప్పుదుము. రానురాను మన వాడుకలో అది కష్టదశకు పేరైపోయినది. స్వస్థుడనగా తన స్థానములో తాను నిలిచినవాడు. తన చోటు తప్పిన యెముకను వైద్యుడు దాని చోట కూర్చిన రీతిగా, తప్పిపోయిన మనుష్యుని అతని చోట నిలుపుటయే స్వస్థత.

ఇదే అక్షరములతో మన బైబిలులో ఇంకొక మాట కలదు. అది స్వాస్థ్యము. హిందీ, మరాఠీ చదువుకొనినవారికి ఆ మాట ఆరోగ్యమును తెలుపును. ప్రభుత్వ వైద్యశాలల హిందీ బోర్డుల మీద దానిని చూచియుందురు. తెలుగు బైబిలులో అది పాలు, వంతు, పిత్రార్జితమను అర్థమున వాడబడినది. ఒకే మాట ఒక భాషలో ఒంటి క్షేమమును, ఇంకొక భాషలో ఇంటి భూమిని తెలుపుట మనలను ఆలోచింపజేయవలెను. మనుష్యుడు నిలుచుటకు ఒళ్లును కావలెను, కాలు మోపుటకు నేలయు కావలెను. అయితే 16వ కీర్తన వ్రాసిన భక్తుడు తన స్వాస్థ్యము దేవుడేయని చెప్పెను. నేల కొలతలో ఒక మూర తగ్గినను అతని స్వాస్థ్యము తగ్గదు.

ఆంగ్ల భాషలోను ఇట్టి కుటుంబమొకటి కలదు. స్వస్థపరచుటను హీల్ అందురు. ఆరోగ్యమును హెల్త్ అందురు. నిండుగా ఉన్నదానిని హోల్ అందురు. పరిశుద్ధమైనదానిని హోలీ అందురు. ఈ నాలుగును 'నిండుగా, చెడకుండ ఉండుట' అను అర్థము గల ఒకే ప్రాచీన మాటనుండి పుట్టినవి. హోల్ అను మాటకు ముందు డబ్ల్యు అను అక్షరము 15వ శతాబ్దపు ప్రాంతమున వ్రాతలో చేరినది. నేడు దానిని ఎవరును పలుకరు. ఆ అక్షరమడ్డు వచ్చినందున అక్కచెల్లెండ్రను అన్యులనుకొనుచున్నారు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలులో ప్రభువు రోగిని 'హోల్' చేసెనని పలుచోట్ల నున్నది. రోగము పోగొట్టెననుటకంటె అది పెద్ద మాట. ఆ మనుష్యుని నిండుమనిషిగా చేసెనని భావము.

పదిమంది కుష్ఠరోగుల వృత్తాంతమును ఈ వెలుగులో చదువుడి. పదిమందియు దారిలో వెళ్లుచుండగా శుద్ధులైరి. అందరి చర్మమును బాగుపడినది. ఒక్కడు, అందులోను సమరయుడు, తిరిగి వచ్చి ప్రభువు పాదముల యొద్ద సాగిలపడెను. అప్పుడు ప్రభువు వాని విశ్వాసమును గూర్చి చెప్పిన మాటకు గ్రీకులో వేరే పదమున్నది. పదిమంది విషయములో వాడిన 'శుద్ధులగుట' కాదది. తెలుగులో అక్కడ స్వస్థపరచుట అని యున్నది. లూకా 7:50లో పాపాత్మురాలైన స్త్రీతో ప్రభువు పలికిన గ్రీకు వాక్యము అక్షరాల ఇదే. తెలుగులో అక్కడ రక్షించుట అని తర్జుమా చేసిరి. ఆ స్త్రీకి ఒంటిలో ఏ రోగమును ఉన్నట్లు వ్రాయబడలేదు. గనుక రోగము పోవుట ఒకటి, నిండుమనిషియగుట ఒకటి. తొమ్మిదిమంది మొదటిది పొంది ఇంటికి పోయిరి. ఒక్కడు రెండును పొందెను.

ఇందువలన మన మధ్య నున్న రోగులకు గొప్ప ఆదరణ కలదు. సంవత్సరములకొలది ప్రార్థించియు మంచము విడువనివారున్నారు. "నీకు విశ్వాసము చాలదు గనుకనే బాగుపడలేదు" అను మాట విని, రోగముకంటె ఆ మాటకే ఎక్కువ నలిగిపోయినవారున్నారు. వారితో మేము నిశ్చయముగా చెప్పుచున్నాము: అది సువార్త కాదు. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడుకొనెను, అది తీయబడలేదు. త్రోఫిము రోగియై యుండగా అతనిని మిలేతులో విడిచి వచ్చితినని అదే పౌలు వ్రాసెను. తిమోతికి తరచుగా బలహీనత కలిగెడిది. వీరిలో ఎవరును విశ్వాసము లేనివారు కారు. లూకా వైద్యుడు, పౌలుకు ప్రియుడు. కాబట్టి ప్రార్థించుడి, మందును మ్రింగుడి. సభలో చేయి పైకెత్తితిమని చక్కెర వ్యాధి మాత్రలను, రక్తపోటు మాత్రలను ఎవరును మానకూడదు. మంచము మీద నుండియు దేవునియందు తన చోట నిలిచినవాడు స్వస్థుడు. గిత్తవలె బలముగా నుండియు తమ్మునికి సలాము చెప్పలేనివాడు ఇంకను రోగియే.

మూడవది: సమాధి

సమాధానము, సమాధి. ఈ రెండు మాటల మొదటి అక్షరములు ఒక్కటే. మూలమును ఒక్కటే, 'కూర్చి ఉంచుట'. మన హైందవ సహోదరులు మనస్సును ఒక్కచోట నిలిపి ధ్యానించు స్థితిని సమాధి యందురు. అట్టి యోగులను దహనము చేయక పాతిపెట్టిన స్థలమునకు ఆ పేరు కలిగి, తరువాత ఏ గోరికైనను అదే పేరు వాడుకయైనది. మనమును మన వారిని పెట్టిన చోటును సమాధి యని, ఆ తోటను సమాధుల తోట యని పిలుచుచున్నాము.

ఎడమొగము పెడమొగముగా బ్రతికినవారు చివరకు ఎక్కడ ఒక్కచోట ఉంచబడుదురు? సమాధుల తోటలో. గెట్టు కొరకు ముప్పది యేండ్లు మాటలాడని అన్నదమ్ములను అక్కడ ప్రక్కప్రక్కనే పెట్టుదురు. అక్కడ ఎవరికిని పట్టా లేదు, సర్వే నంబరు లేదు. సమాధానపడనివారిని సమాధి కలుపును. అయితే ఆ కలియికలో పలుకు నోరు లేదు, పట్టుకొను చేయి లేదు. నోరు పలుకుచుండగానే, చేయి కదలుచుండగానే కలియుట మేలు కాదా?

సువార్త దీనికి ఎదురు త్రోవలో నడిచినది. ప్రభువు సమాధానమునుండి సమాధికి పోలేదు. సమాధినుండి సమాధానమును తెచ్చెను. ఆదివారము తెల్లవారునప్పటికి సమాధి ఖాళీ. ఆ సాయంకాలము తలుపులు మూసిన ఇంటిలో ఆయన నిలిచి షాలోమ్ పలికెను. ఎవరితో పలికెను? తన్ను విడిచి పారిపోయినవారితోను, ముమ్మారు ఎరుగనని బొంకినవానితోను. యోసేపుకు అన్నలు చెప్పలేని మాటను, అన్నయైన ఆయన మనకు ముందుగా చెప్పెను. తప్పు చేసినవారు వచ్చి కాళ్లు పట్టుకొనువరకు ఆయన కాచుకొనియుండలేదు.

ఆ మాట పలికి ఆయన ఏమి చూపెను? చేతులను, ప్రక్కను. మేకుల గుర్తులు ఇంకను అక్కడ నున్నవి. మరణమును గెలిచిన శరీరములో గాయపు మచ్చలు పోలేదు. అయినను అంతకంటె నిండైన శరీరము ఇంకొకటి లేదు. మచ్చలు లేకుండుట స్వస్థత కాదని ఇందువలన నేర్చుకొందము. తగవు తీరిన తరువాతను మచ్చ ఉండును, రోగము పోయిన తరువాతను మచ్చ ఉండును. మచ్చ ఉన్నను సలాము చెప్పవచ్చును.

మనము చేయవలసినది

వాక్యము వినువారమై మాత్రము ఉండక, ఈ నెల మూడు పనులు చేయుదము.

ఒకటి: ప్రభువు బల్లకు వచ్చుటకు ముందు, మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినట్లు, అర్పణమును విడిచియైనను సహోదరుని యొద్దకు మొదట వెళ్లుడి. పెద్ద మాటలు అక్కరలేదు. "అన్నా, బాగున్నావా?" అని అడుగుడి. అది చాలును, షాలోమ్ అక్కడ మొదలగును. అతడు జవాబియ్యకపోయినను మీరు అడిగితిరి. వచ్చే వారము మరల అడుగుడి.

రెండు: తీర్చవలసినది తీర్చుడి. హక్కును విడిచిపెట్టుమని మేము ఎవరికిని చెప్పుటలేదు. సర్వేయరును పిలిపించి గొలుసు వేయించుడి, పెద్దలయెదుట రాళ్లు పాతుడి, కాగితము వ్రాసికొనుడి. అది న్యాయము. అయితే కొలత మీ వైపునకు ఎక్కువ వచ్చినను, తక్కువ వచ్చినను, ఆ సాయంకాలము తల్లి ఒక్క పళ్లెములో ఇద్దరికి వడ్డింపగలుగునట్లు చేయుడి. పిత్రార్జితములో పాలు పంపించుమని ఒకడు అడిగినప్పుడు ప్రభువు తాను పంపకము చేయువాడను కానని చెప్పి, లోభమును గూర్చి హెచ్చరించెను. పంపకమునకు పెద్దమనుష్యులున్నారు. లోభమును తీయుటకు ప్రభువొక్కడే యున్నాడు.

మూడు: మంచము పట్టినవారి యిండ్లకు వెళ్లుడి. వారి విశ్వాసమును పరీక్షించుటకు కాదు. వారు సంఘములో తమ చోటు పోగొట్టుకొనలేదని తెలుపుటకు వెళ్లుడి. గుడిలో వారు కూర్చుండు చోటు ఖాళీగా నున్నదని చెప్పుడి. వారిచేత ప్రార్థన చేయించుకొనుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, చెదరిన మా యిండ్లను కూర్చుము. తీర్చవలసినది తీర్చుటకు మాకు చేయి సాచనిమ్ము. రోగులైనవారిని నీయందు నిలువబెట్టుము. ఎవరితో మాటలాడక యున్నామో వారి పేరు ఈ దినము మా నోట పలికించుము. సమాధినుండి సమాధానము తెచ్చిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్.